సర్వే నెంబరు లేని పాలసీ

2023 ఆగస్టు 10న హైదరాబాద్ శివారు బుద్వేల్‌లో వంద ఎకరాల సర్కారు భూమి వేలానికి వచ్చింది. మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పెట్టిన కనీస ధర ఎకరానికి 20 కోట్లు. మొత్తం 14 ప్లాట్లు, అన్నీ అమ్ముడుపోయాయి. అన్నిటికన్నా తక్కువ పలికిన చోట ఎకరం 33 కోట్ల 25 లక్షలు, అన్నిటికన్నా ఎక్కువ పలికిన చోట 41 కోట్ల 75 లక్షలు. ఖజానాకు వచ్చే మొత్తం 3,625 కోట్ల పైచిలుకు. అంతకు వారం ముందే కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం వంద కోట్లు దాటింది కాబట్టి బుద్వేల్ వార్తకు పత్రికల్లో రెండో వరస మర్యాదే దక్కింది. నా వరకు మాత్రం, పేదల ఇళ్ళ గురించి నేను చదివిన కాగితాలన్నిటికన్నా ఆ వేలం ఎక్కువ నేర్పింది.

నాది పట్టణ ప్రణాళిక చదువు. పేదల ఇళ్ళ మీద నివేదికలు, ముసాయిదాలు రాసే పనిలోనే నా ఉద్యోగ జీవితం చాలా భాగం గడిచింది. ఆ ముసాయిదాలన్నిటికీ ఒకటే అస్థిపంజరం. ఎన్ని ఇళ్ళు తక్కువ, ఎవరు అర్హులు, ఒక్కో ఇంటికి ఎంత ఖర్చు, కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత, ఎన్నేళ్ళలో పూర్తి. వీటిలో ప్రతిదానికీ పేజీలకు పేజీలు, పట్టికల మీద పట్టికలు. భూమికి మాత్రం ఒక వాక్యం: ‘అవసరమైన స్థలమును సంబంధిత శాఖలు సమకూర్చవలెను.’ ఎక్కడ, ఏ ఊళ్ళో, ఏ సర్వే నెంబరులో అన్నది ఉండదు. ఆ ఒక్క వాక్యమే అసలు పాలసీ అనీ, తక్కినదంతా దానికి అనుబంధమనీ నాకు అర్థమైంది బుద్వేల్‌లో కాపురం పెట్టాకే.

లెక్క కట్టి చూద్దాం. వేలంలో సగటున ఎకరం 36 కోట్ల పాతిక లక్షలు. బాగా దగ్గర దగ్గరగా, ఎత్తుగా కట్టి ఎకరానికి 120 చిన్న ఇళ్ళు దించామనుకుందాం. ఒక్క ఇటుక పెట్టకముందే ఒక్కో ఇంటి నెత్తిన పడే భూమి ధర 30 లక్షలు. జీఎస్టీ లెక్కలో హైదరాబాద్ లాంటి మహానగరంలో 60 చదరపు మీటర్లకు, 45 లక్షలకు మించకపోతేనే అది అందుబాటు ధర ఇల్లు. అందులో 30 లక్షలు మట్టికే పోయాయి. కట్టుబడి, వడ్డీ, అనుమతులు, బిల్డరు లాభం అన్నీ మిగిలిన 15 లక్షల్లో ఇమడాలి. ఇమడవు. అందుకే ఆ భూమిలో ఏం లేస్తుందో వేలం రోజే తేలిపోయింది. గృహ నిర్మాణ శాఖ ఆ తర్వాత ఎంత మంచి మనసుతో ఎలాంటి విధానం రాసినా బుద్వేల్‌లోని ఆ వంద ఎకరాలను తాకలేదు.

గజాల్లో చూస్తే ఇంకా సూటిగా తెలుస్తుంది. అదే సగటు ధరకు గజం దాదాపు 75 వేలు. 60 గజాల జాగా అంటే 45 లక్షలు. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ళ పథకం సొంత జాగా ఉన్న పేదలకు ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలిస్తుంది. పల్లెలో అది అక్కరకొచ్చే సాయం. తాతల నాటి పెంకుటిల్లు పీకి అదే జాగాలో స్లాబు వేసుకోవచ్చు. బుద్వేల్‌లో కిరాయికుండే కూలి మనిషికి ఆ 5 లక్షలు ఎక్కడ పెట్టాలో తెలియదు. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు జాగా కొని చూడమనలేదు. వాళ్ళ కాలంలో ఆ మాట అనాల్సిన అవసరం రాలేదు కాబోలు.

చవగ్గా కట్టడం మనకు చేతకాక కాదు. బుద్వేల్‌కు కూతవేటు దూరంలో, రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో రూరల్ టెక్నాలజీ పార్కు ఉంది. మట్టి ఇటుకలతో, స్థానికంగా దొరికే సామగ్రితో తక్కువ ఖర్చులో కట్టిన నమూనా ఇళ్ళు అక్కడ వరసగా నిలబడి ఉంటాయి. దేశం నలుమూలల నుంచీ వచ్చి చూసి పోతుంటారు. గోడలో ఎంత మిగులుతుందో, పైకప్పులో ఎంత మిగులుతుందో లెక్కలతో సహా చెబుతారు. చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. కాకపోతే గోడలో, కప్పులో మిగిలేది ఒకటి రెండు లక్షలు. బయట రోడ్డు దాటితే మట్టి ధర ఇంటికి 30 లక్షలు. ఇంజనీరు ఆదా చేసినదాన్ని వేలంపాట ఒక్క కేకలో మింగేస్తుంది.

సర్కారు ఇళ్ళు కట్టలేదని ఎవరూ అనలేరు. 2015లో బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 396 కుటుంబాలకు డబుల్ బెడ్రూం ఇళ్ళిచ్చారు. పాత గుడిసెలున్న జాగాలోనే కట్టారు కాబట్టి ఆ కుటుంబాలు పనులు మానుకోలేదు, పిల్లల బడులు మారలేదు. తర్వాత నగరానికి లక్ష ఇళ్ళన్నప్పుడు జాగాలు వెతకడం మొదలైంది. బస్తీల్లో ఉన్నచోట కట్టడం చిక్కుల పని. అందర్నీ ఒప్పించాలి, తాత్కాలికంగా వేరేచోట ఉంచాలి, ఇరుకు గల్లీల్లోకి లారీలు రావాలి. ఖాళీ భూమి దొరికిన చోటికి పథకం నడిచింది. అలా నగరం అంచున, సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 ఇళ్ళు ఒక్కచోటే లేచాయి. 2023 జూన్‌లో ప్రారంభమయ్యాయి. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. రెండు పడక గదులు, లిఫ్టు, నల్లా నీళ్ళు, వెడల్పు రోడ్లు. కట్టడంగా చూస్తే మెచ్చుకోదగ్గదే. బుద్వేల్ నుంచి అక్కడికి పాతిక కిలోమీటర్లకు తక్కువ కాదు.

మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్ళ పని చేసే ఆమెకు ఇలాంటి దూరపు కాలనీ ఒకదానిలో లాటరీలో ఇల్లు వచ్చింది. ఆమె భర్తకు కాటేదాన్ ఫ్యాక్టరీలో పని. అయినా వాళ్ళు ప్రేమావతిపేట వైపు ఒక గది కిరాయికి తీసుకుని అందులోనే ఉంటున్నారు.

“ఇల్లొచ్చింది కదమ్మా, ఇంకా కిరాయి ఎందుకు కడుతున్నావు?” అన్నాను.

“ఇల్లు మంచిగనే ఉంది సార్. అన్నీ ఉన్నయి. కని ఆడ పనేది? ఈడ పొద్దుగాల ఆరింటికి మొదటింట్ల గిన్నెలు తోమాలె. ఆడికెళ్ళి నేనెప్పుడు బయల్దేరాలె?”

“ఆడవాళ్ళకు బస్సు ఫ్రీయే కదా?”

“పైసలు ఫ్రీ సార్. టైము ఫ్రీ కాదు గద. మా ఆయన బండి మీద దింపుత అంటడు. రింగ్‌రోడ్డు ఎక్కనియ్యరు.”

నిజమే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు ప్రవేశం లేదు. అక్కడ నడిచే వేగాలకు అది సబబైన నిబంధనే. కాని ‘ఎయిర్‌పోర్టు 20 నిమిషాలు, గచ్చిబౌలి 20 నిమిషాలు’ అని అపార్ట్‌మెంట్ల ప్రకటనలు చెప్పే దూరం కారున్నవాడి దూరం. మోటారు సైకిలున్న కాటేదాన్ కార్మికుడి దూరం సర్వీసు రోడ్డు మీద, సిగ్నళ్ళ దగ్గర, గుంతల్లో సాగుతుంది. మ్యాపు మీద ఉన్నది ఒకే నగరం. దాని మీద ఎవరి దూరాలు వాళ్ళవి.

డబుల్ బెడ్రూం ఇళ్ళకు తాళాలు వేసుకున్నవాళ్ళు, కిరాయికిచ్చినవాళ్ళు తనిఖీల్లో బయటపడ్డారని, వాళ్ళకు నోటీసులిచ్చారని పత్రికల్లో చదువుతుంటాం. అధికారుల వైపు న్యాయం ఉంది. ఇల్లు రాని కుటుంబాలు లక్షల్లో ఎదురుచూస్తున్నప్పుడు వచ్చిన ఇంటికి తాళమేస్తే కోపం రాదా? ఆ తాళాన్ని నేరంగా కాక సమాచారంగా చదివే అలవాటు నాకు ఆమె వల్ల అబ్బింది. ఉచితంగా ఇచ్చిన ఇల్లు వదిలి నెలకు కిరాయి కట్టి ఇరుకు గదిలో ఎవరైనా ఉంటున్నారంటే, ఆ గదిలో ఉచితపు ఇంట్లో లేనిదేదో ఉందన్నమాట. ఆరింటి పనికి నడిచి వెళ్ళగల దూరం, పిల్లవాడికి జ్వరమొస్తే మధ్యాహ్నం వచ్చి చూసుకోగల దగ్గరతనం, నెలాఖరులో అప్పు పెట్టే కిరాణా కొట్టు. వీటికి పట్టికలో గడి ఉండదు.

దీనికి గట్టి ఎదురువాదన ఉంది. ఆర్థిక వ్యవహారాలు చూసి రిటైరైన మిత్రుడొకరు దాన్ని నా ముందు పెట్టారు. “బుద్వేల్‌లో పదెకరాలు పేదలకు ఆపితే 362 కోట్లు వదులుకున్నట్టే. ఎకరానికి 120 చొప్పున వచ్చేది 1,200 ఇళ్ళు. అదే డబ్బుతో భూమి చవగ్గా దొరికే చోట ఇంటికి పది లక్షలేసుకున్నా 3,600 ఇళ్ళు కట్టొచ్చు. పన్నెండు వందల మందికి ఇస్తావా, మూడువేల ఆరువందల మందికి ఇస్తావా? ఖరీదైన భూమి అమ్మి ఎక్కువమందికి పెట్టడమే ధర్మం.”

తేలిగ్గా కొట్టిపారేయగల వాదన కాదు. నిజానికి బుద్వేల్‌లోనే కడితే 362 కోట్లు పోగా కట్టుబడికి మరో 120 కోట్లు కావాలి. అంత ఖర్చుకూ చివరికి దక్కేది మూడో వంతు ఇళ్ళు. అయినా ఈ లెక్కలో మూడు చోట్ల నాకు ఖాళీ కనిపిస్తుంది. మొదటిది, వేలం డబ్బు మీద ‘పేదల ఇళ్ళకు’ అని పేరు రాసి ఉండదు. అది ఖజానాలో కలిశాక జీతాలు, పింఛన్లు, అప్పుల వాయిదాలు అన్నీ దాని కోసం చేయి చాస్తాయి. కాబట్టి అసలు పోలిక 1,200కూ 3,600కూ కాదు, కళ్ళెదుట ఉన్న పదెకరాలకూ ఎప్పుడో రావచ్చన్న హామీకీ. రెండోది, ఊరవతల కట్టిన ఇంటి ఖర్చు తాళంచెవి ఇచ్చిన రోజుతో ఆగదు. అక్కడికి నీళ్ళు, డ్రైనేజీ, బడి, దవాఖానా, బస్సులు తీసుకెళ్ళే ఖర్చు వేరే శాఖల పద్దులో పడుతుంది. మిగిలింది ఆ కుటుంబం పద్దులో, గంటల రూపంలో పడుతుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఇల్లు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది కట్టుకోవచ్చు. అమ్మిన భూమిని ప్రభుత్వం మళ్ళీ కొనలేదు. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, వేలం మాత్రం ఆగలేదు.

అమ్మొద్దని నేను అనడం లేదు. వంద ఎకరాల్లో తొంభై అమ్మినా అదే సగటుకు 3,260 కోట్లు వచ్చేవి. పదెకరాలు ఆపడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు. 2007లో కేంద్రం ప్రకటించిన జాతీయ పట్టణ గృహ, ఆవాస విధానం ఈ మాట ఎప్పుడో చెప్పింది. ప్రతి కొత్త గృహ ప్రాజెక్టులోనూ, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, 10 నుంచి 15 శాతం భూమి గాని, నిర్మాణ విస్తీర్ణంలో 20 నుంచి 25 శాతం గాని, ఏది ఎక్కువైతే అది బలహీన వర్గాలకు కేటాయించాలని. మంచి మాట. అందులోనూ సర్వే నెంబరు లేదు.

ముందుగా చెప్పి పెట్టే షరతు బిల్డర్లను ముంచదు కూడా. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే జాగాకు ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, లేదు. రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే జాగాను బట్టి ఎంత ఎత్తుకైనా పోవచ్చు. ఎన్ని అంతస్తులు లేపగలనో లెక్కేసుకునే బిల్డరు ఎకరానికి 41 కోట్లు పాడతాడు. పదో వంతు చిన్న ఇళ్ళకు ఇవ్వాలని వేలానికి ముందే రాసిపెడితే, ఆ మేరకు తగ్గించి పాడతాడు, అంతే. షరతు భారం భూమి ధరలో సర్దుకుంటుంది. వేలం అయిపోయాక పెట్టే షరతు మాత్రం కోర్టుకెళ్తుంది. ఇక్కడా అదే పాఠం: భూమి చేయి మారకముందే పాలసీ మాట్లాడాలి.

ఈ నగరానికి ఇది కొత్త విద్య కాదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ఊడ్చేసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. ఆ ఆలోచనల నుంచే ఉస్మాన్‌సాగర్, బుద్వేల్ పక్కనున్న హిమాయత్‌సాగర్ పుట్టాయి. ఆ వరద తర్వాతే, 1912లో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీలను తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, ఇళ్ళు కట్టి తక్కువ కిరాయికి ఇవ్వడం దాని పనులు. మల్లేపల్లి, మలక్‌పేట వైపు ‘సీఐబీ క్వార్టర్స్’ అంటే పాతవాళ్ళు ఇప్పటికీ దారి చూపిస్తారు. ఆ బోర్డును ఆకాశానికెత్తనక్కర్లేదు. అది ఖాళీ చేయించిన వాళ్ళందరి కష్టం రికార్డుల్లోకి ఎక్కి ఉండదు. కాని భూమి, రోడ్డు, ఇల్లు మూడూ ఒకే చేతిలో ఉండేవి. ఇప్పుడు భూమి అమ్మేది ఒక సంస్థ, ఇళ్ళు కట్టేది ఇంకొకటి, లబ్ధిదారులను తేల్చేది వేరొకటి, బస్సు నడిపేది మరొకటి. ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేసినా పనిమనిషి ఆరింటికి పనికి చేరలేదు.

తర్వాతి కాలంలో హైదరాబాద్‌లో పేదలకు నిజంగా నిలిచిన మేలు చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1967లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి పథకం, ఆ తర్వాత బ్రిటిష్ సాయంతో నడిచిన బస్తీల మెరుగుదల, 125 గజాల దాకా పేదల ఇళ్ళను ఉచితంగా క్రమబద్ధీకరించిన 2014 నాటి 58వ నెంబరు జీఓ, అన్నిటిలోనూ జాగాను ఎంచుకున్నది పేదలే. పనికి దగ్గరగా, నాలా పక్కనో పట్టాల పక్కనో, ఎవరూ అడగని చోట గుడిసె వేసుకున్నారు. సర్కారు వెనక వచ్చి పట్టా, నల్లా, రోడ్డు ఇచ్చింది. ఎకరం ముప్పై కోట్లు దాటాక ఎవరూ అడగని చోటంటూ ఉండదు. కంచె వేస్తారు, కాపలా పెడతారు. పేదలు తమంతట తాము జాగా వెతుక్కునే దారి మూసుకుపోయింది గనుక, ఆ వెతికే పని ఇప్పుడు ప్రణాళిక రాసేవాళ్ళ మీద పడింది.

బయటి దేశాల్లోనూ ఇంతే. సింగపూర్‌లో జనాభాలో దాదాపు 80 శాతం ప్రభుత్వ బోర్డు కట్టిన ఇళ్ళల్లో ఉంటారని మనవాళ్ళు గొప్పగా చెబుతారు. 1960లో బోర్డు పెట్టారు, 1966లో భూసేకరణ చట్టం తెచ్చి భూమిలో చాలా భాగాన్ని ప్రభుత్వం చేతికి తీసుకున్నారు. ఆ రెండో మాట మనవాళ్ళు చెప్పరు. వియన్నా 1923 నుంచి 1934 లోపు 60 వేలకు పైగా కిరాయి ఇళ్ళు కట్టింది, ఊరవతల కాదు, ట్రాములు తిరిగే వీధుల్లో. మనకు సింగపూర్ అధికారాలూ వద్దు, వియన్నా పన్నులూ రావు. ఉన్న సర్కారు భూమిలో కొంత అమ్మకుండా ఉంచుకోవడం చాలు.

బుద్వేల్ అందుకు ఎంత అనువైన చోటో ఇక్కడుంటే తెలుస్తుంది. ఊరి పేరుతోనే రైల్వే స్టేషన్ ఉంది. 2023లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఈ దారిన ఉందానగర్ దాకా సాగింది. ఒక పక్క కాటేదాన్ కార్ఖానాలు, ఇంకో పక్క 2008 నుంచి పెరుగుతూనే ఉన్న శంషాబాద్ విమానాశ్రయం. 2024 మార్చి 27న రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టుకు శంకుస్థాపన జరిగింది. దానికి వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూమి నుంచి వంద ఎకరాలు ఇచ్చారు. విద్యార్థులు వ్యతిరేకించారు, అయినా ఇచ్చారు. సర్కారు తలచుకుంటే ఇక్కడ ఇంకా వంద ఎకరాలు దొరుకుతాయనడానికి అదే సాక్ష్యం. రేపు ఆ కోర్టు చుట్టూ జడ్జీలకు, వకీళ్ళకు ఇళ్ళు ఎలాగూ లేస్తాయి. టైపిస్టు, జిరాక్సు కుర్రాడు, క్యాంటీన్‌లో దోసెలు పోసేవాడు, ఊడ్చే ఆమె ఎక్కడుంటారన్నది కోర్టు ప్లానుతో పాటే తేలాల్సిన ప్రశ్న.

వాళ్ళందరికీ సొంతిల్లే కావాలనీ లేదు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి కాటేదాన్‌కు వచ్చిన కుర్రాడికి కావలసింది ఒక మంచం, ఒక నల్లా, తలుపుకు గడియ. పెళ్ళయి వచ్చినవాళ్ళకు ఒక గది, వంటిల్లు. 2020లో వలస కూలీలు కాలినడకన సొంతూళ్ళకు పోవడం చూశాక కేంద్రం కిరాయి ఇళ్ళ సముదాయాల పథకం తెచ్చింది. మన రాజకీయాలకు కిరాయి రుచించదు. తాళంచెవి చేతిలో పెట్టే ఫొటో కిరాయి రసీదుతో రాదు. కాని భూమి ప్రభుత్వం దగ్గరే ఉంచుకుని, ఇళ్ళు తక్కువ కిరాయికిచ్చి, కింది అంతస్తులో షాపుల కిరాయితో లిఫ్టులు, మోటార్లు నడిపితే, ఒక కుటుంబం ఎదిగి వెళ్ళిపోయాక ఇంకో కుటుంబానికి అదే ఇల్లు పనికొస్తుంది. వదులుకున్న 362 కోట్ల భూమి అప్పుడు వదులుకున్నది కాదు, నగరం చేతిలో ఏటేటా విలువ పెరిగే ఆస్తి. నడిపే యంత్రాంగం మీద శ్రద్ధ లేకపోతే ఇదీ చెడుతుంది. 2007లో మధ్యతరగతి కోసం మొదలైన రాజీవ్ స్వగృహ ఇళ్ళు బండ్లగూడలో, పోచారంలో ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా నిలబడి, చివరికి 2022లో లాటరీకెక్కాయి. భూమి ఉంటే అన్నీ వాటంతటవే సమకూరవు.

అయినా క్రమం ముఖ్యం. ఇప్పుడు ఎవరైనా అందుబాటు ఇళ్ళ ముసాయిదా ఇచ్చి అభిప్రాయం చెప్పమంటే, నేను లక్ష్యాల పేజీ చూడను, నిధుల పట్టిక చూడను. వచ్చే రెండేళ్ళలో ప్రభుత్వం వేలం వేయబోయే భూముల జాబితా పక్కన పెట్టుకుంటాను. ఆ జాబితాలోంచి కనీసం ఒక్క సర్వే నెంబరైనా ముసాయిదాలోకి వచ్చిందా, దాని పక్కన ఎన్ని ఎకరాలో, దగ్గరి స్టేషను ఎంత దూరమో రాశారా అని వెతుకుతాను. ఆ నెంబరుంటే తక్కిన పేజీల్లో ఎన్ని తప్పులున్నా కూర్చుని దిద్దుకోవచ్చు. లేకపోతే ఆ కాగితాన్ని గృహ నిర్మాణ శాఖకు పంపి లాభం లేదు. వేలం వేసే సంస్థకు పంపి, ముందు మీరు రాయండి అనాలి.